గడియసేపు ఆకాశము

పూర్వము కోటలలోను దేవళములలోను పొద్దు తెలిసికొనుటకు గడియకుడుక యను సాధన మొకటి యుండెడిది. అడుగున సన్నని బెజ్జముగల పలుచని రాగిగిన్నెను నీటితొట్టిలో విడిచిపెట్టెడివారు. బెజ్జముగుండ నీరు కొంచెము కొంచెముగా లోనికి ఊరుచుండగా, గిన్నె చాలసేపు తనకేమియు పట్టనట్లు తేలుచునే యుండి, అంచు నీటిమట్టమును తాకినంతనే ఒక్క గుటకలో మునిగిపోయెడిది. అది మునుగుట చూచి కావలివాడు కంచుపలకపై కొట్టెడివాడు. అంతటి కాలమునకు గడియ యని పేరు. నేటి లెక్కలో 24 నిమిషములు. చిన్ననాడు పుస్తకములలో చదివి మఱచిన యీ గిన్నె, పుప్పాలగూడ బండలపై నిలిచి కెమెరాడ్రోను నెగురవేయుట నేర్చిన పిమ్మట నాకు మరల జ్ఞప్తికి వచ్చినది. ఏలయనగా నా డ్రోను ఒక బ్యాటరీతో గాలిలో నిలుచు కాలమును రమారమి ఒక గడియయే. ఆ బ్యాటరీయు గిన్నెవలెనే చాలసేపు నిశ్చింతగా తేలి కడపట ఒక్కసారిగా మునుగును.

విద్యుత్తు నిలువయుండు సెల్లునకు మన పాఠ్యపుస్తకములు ఘటమని పేరిడినవి. ఘటము, ఘటిక, గడియ యనునవి ఒక కుదుట మొలచిన మాటలే గనుక, ఆ పేరు పెట్టిన పండితుడు ముందుచూపుగలవాడో, లేక చేతికందిన కుండను తెచ్చి పెట్టెనో గాని, మాట మాత్రము చక్కగా కుదిరినది. అయినను దుకాణమునకు పోయి ఘట మిమ్మన్నచో మట్టికుండల బజారునకు త్రోవ చూపుదురు. కావున నేనును లోకముతోపాటు బ్యాటరీ యనియే యందును.

పుప్పాలగూడ హైదరాబాదునకు పడమట, గోలకొండ కోటకు మూడు నాలుగు కిలోమీటర్ల దూరమున, మణికొండ, నార్సింగి, కోకాపేట, ఖాజాగూడ, నానక్‌రాంగూడల నడుమ నున్న గ్రామము. గ్రామమనుట అలవాటుచేత గాని, 2018 లో మణికొండ పురపాలకసంఘమున చేరినది మొదలు దానిని గ్రామమని పిలుచుట మర్యాదకొఱకే. ఇక్కడి నేలకు ఎముక గట్టిది. సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సుగల గ్రానైటు రాయి, ఎండకు పగిలి, వానకు ఒరిగి, ఒకదానిపై నొకటి పేర్చినట్లు గుట్టలై నిలిచినది. ఆ గుట్టల నడుమ పల్లములలో చెఱువులు కుంటలు, చెఱువుల క్రింద వరిమళ్లు, మిట్టలపై చెలకలు: హైదరాబాదు చుట్టుపట్ల పల్లెలన్నిటి రూపమును ఇదియే. నిజాముల కాలమున ఈ చుట్టుపట్ల ఊళ్లు అత్రాఫ్ బల్దా యను పేరున సర్ఫేఖాసు, అనగా ప్రభువు సొంత ఖర్చునకు చెందిన యిలాకా, క్రింద నుండెడివి. పిమ్మట 1978 ఆగస్టు 15 న ఈ యూళ్లు చేరిన రంగారెడ్డి జిల్లా యేర్పడెను.

నేలను కొలుచుటకు మనవారు మొదట వాడినది మనుష్యుని శక్తియే. క్రోశమనగా అరపు, ఒకడు అరచిన యరపు వినబడు మేర అని దాని పుట్టుకార్థము. ఇప్పటికిని మనము కూతవేటు దూరమందుము. ఊపిరి యెంతయో దూర మంత. పిమ్మట సర్కారు గొలుసు వచ్చినది. హైదరాబాదు రాజ్యమున భూముల కొలతకు వాడిన గొలుసు 33 అడుగుల పొడవు, దానికి పదియాఱు ఆణాలు. ఒక గొలుసు చదరము ఒక గుంట, అనగా 121 చదరపు గజములు. నలువది గుంటలు ఒక యెకరము. గొలుసు పట్టుకొని ఇద్దఱు మనుష్యులు ముండ్లలో బండలలో నడువగా పుట్టినదే టిప్పను, టిప్పనులన్నియు కూర్చగా పుట్టినదే ఊరి నక్షా. ఆ నక్షా పట్వారీ యింటనుండెను. బట్టపై నంటించిన ఆ కాగితమును అతడు విప్పినప్పుడు రైతు తన పొలమును మొట్టమొదటిసారి పక్షి చూచినట్లు పైనుండి చూచెడివాడు. చూచెడివాడే గాని చదువలేకుండెను. ఊరిని పైనుండి చూచు నధికారము చిరకాలము ఒక్క చేతిలో నుండుటవలన గలిగిన కష్టములు తెలంగాణమున నెవరికిని చెప్పనక్కఱలేదు. 1980వ దశకమున పటేల్ పట్వారీ పద్ధతి రద్దయినను, నేటికిని భూమి తగాదా వచ్చినచో సేత్వారు, ఖాస్రా పహాణీ, టిప్పను అను మాటలే కచేరీలలో వినబడును.

గొలుసుకంటె ఎత్తునుండి చూచినవారు త్రికోణమితి సర్వేవారు. విలియం లాంబ్టన్ 1802 లో చెన్నపట్టణము చేరువ సెయింట్ థామస్ మౌంటు వద్ద మొదటి ఆధారరేఖను కొలిచి, దక్షిణాపథమంతయు త్రికోణములచే అల్లుకొనుచు ఉత్తరమునకు సాగి, 1815 లో బీదరు చేరువ మఱియొక ఆధారరేఖను కొలిచెను. అతని థియోడలైటు అర టన్ను బరువుగల మహాయంత్రము. 1808 లో తంజావూరి గోపురముపైకి దానిని లాగుచుండగా మోకు తెగి, యంత్రము గోడకు కొట్టుకొని వంకరపోగా, లాంబ్టన్ గుడారములో కూర్చుండి వారములతరబడి తానే దానిని సరిచేసికొనెనట. ఎత్తునుండి చూడగోరినవానికి పడిపోవుట యను భయము నాటినుండియు ఉన్నదన్నమాట! 1818 లో హైదరాబాదున అతనితో కలసికొన్న జార్జి ఎవరెస్టు, మఱుసటి యేడు కృష్ణా గోదావరుల నడిమి యడవులలో పని చేయబోయి, పరివారముతో సహా విషజ్వరము పాలై హైదరాబాదునకు తరలివచ్చెను. వారికి గుట్టయే విమానము. మంచు పొగ విడిపోవు వఱకు, ఎదుటి గుట్టమీది దీపము కానవచ్చు వఱకు, దినములకు దినములు శిఖరములపై కనిపెట్టుకొని యుండెడివారు. వారి ఓపికకు గడువు లేదు. మన బ్యాటరీకి గలదు.

గాలిలోనుండి ఛాయాచిత్రము తీయుట మాత్రము విదేశముల ముచ్చట. 1858 లో నాదార్ అను పారిసు ఛాయాగ్రాహకుడు బెలూనునుండి తీసెను; 1888 లో ఆర్థర్ బాటు గాలిపటమునకు కెమెరా కట్టెను; జర్మనీలో నాయ్‌బ్రోనర్ అను మందుల వర్తకుడు 1907 లో పావురముల రొమ్ములకు చిన్న కెమెరాలు తగిలించెను. పతంగుల పిచ్చియు పావురముల పిచ్చియు సమానముగా గల హైదరాబాదీల కీ రెండు ఆలోచనలును ఏల తట్టలేదో అని నేనప్పుడప్పుడు చింతించుచుందును. మన నగరము ఆకాశమునకు చేసిన కానుక వేఱొకటి: మొదటి ప్రపంచయుద్ధమున నిజాము ధనముతో సమకూర్చబడిన బ్రిటిషు వాయుసేన 110వ దళమునకు హైదరాబాదు పేరు నిలిచినది. ఆ యుద్ధముననే పైనుండి తీసిన చిత్రములతో పటములు వ్రాయు విద్య ముదిరినది.

స్వాతంత్ర్యానంతరము ఆ విద్యకు మన నగరమే పుట్టినిల్లువంటిదాయెను. 1970 లో పిషారోత్ రామపిషారటీ కేరళమున హెలికాప్టరునుండి పరారుణ ఫిల్ముతో కొబ్బరితోటల తెగులును గుర్తించిన నాలుగేండ్లకు, 1974 లో హైదరాబాదున జాతీయ దూరసంవేదన సంస్థ వెలసినది. దాని విమానములు బేగంపేటనుండి లేచి దేశమంతయు చిత్రించుచుండగా, షాద్‌నగరు భూకేంద్రము ఉపగ్రహముల చిత్రములను అందుకొనుచుండెను. 2009 లో భువన్ అను జాలపటము వచ్చినపిమ్మట పుప్పాలగూడ బండలను ఎవరైనను ఇంట కూర్చుండి చూడగలిగిరి. అయినను ఉపగ్రహము చూచునది ఊరి నెత్తిని మాత్రమే. చెట్టు యొక్క ప్రక్క, గుట్ట యొక్క బుగ్గ, చెఱువుగట్టుపై నడచు బఱ్ఱె యొక్క నీడ చూడవలెనన్న నేలకు దగ్గఱగా, మెల్లగా ఎగురు వస్తువు కావలసియుండెను.

దాని రాకకు కావలసినది ఱెక్క కాదు, బరువు తక్కువయై బలమెక్కువయైన ఘటము. నాలుగు ఱెక్కలచే నిటారుగా లేచు యంత్రమునకు ఊరక నిలుచుటయు పనియే. పక్షివలె ఱెక్కలు చాచి తేలుట దానికి తెలియదు. మోటార్లు ఆగిన క్షణమున అది రాయి. సీసపు బ్యాటరీ బరువే దానికి గుదిబండ. జాన్ గుడెనఫ్ 1980 లో కనుగొన్న లిథియం కోబాల్టు ఆక్సైడును, అకీరా యోషినో 1985 లో దానితో కూర్చిన సురక్షితమైన ఘటమును, 1991 లో సోనీవారు బజారుకు తెచ్చిన సరకును లేకున్న నేడు మన పెండ్లిండ్లలో డ్రోను లేదు. విట్టింగ్‌హాము అను శాస్త్రజ్ఞునితో కలిపి వారికి నోబెలు బహుమతి వచ్చునప్పటికి 2019. గుడెనఫ్ వయస్సప్పటికి 97 ఏండ్లు. 2013 లో షెన్‌జెన్ నగరపు డీజేఐవారి ఫాంటమ్ వచ్చినప్పుడు అది పది పదునైదు నిమిషములు నిలిచెడిది, అనగా అర్ధగడియ. 2016 లో మడతపెట్టి సంచిలో వేసికొను మావిక్ ప్రో 27 నిమిషములని చెప్పుకొనెను. 2019 నాటి మావిక్ మినీ 249 గ్రాముల బరువుతో 30 నిమిషము లన్నది. గాలి వీచని చోట, క్రొత్త బ్యాటరీతో వచ్చిన లెక్క లివి. బండమీది లెక్క వేఱు.

మన దేశమున దీనికి మొదట తలుపు మూసిరి. 2014 అక్టోబరు 7 న పౌరవిమానయాన డైరెక్టరేటువారు ప్రజలెవరును ఎగురవేయరాదని ప్రకటించిరి. 2018 డిసెంబరునుండి నిబంధనలతో అనుమతించిరి. 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నియమావళి ఆ ముడులను చాలవఱకు సడలించినది. మూసిన నాలుగేండ్లలోను పెండ్లి వీడియోలవారు ఆకాశమున తిరుగుట మానిరని నేను చెప్పజాలను. లగ్గములకన్న ఎక్కువగా ఈ విద్యకు కూడు పెట్టినవి వెంచర్లు. ప్లాట్ల వ్యాపారి నాలుగు రాళ్లు పాతి, వానిమీదుగా డ్రోనును పోనిచ్చి, దూరమున ఓఆర్ఆర్ అను బాహ్య వలయరహదారి కానవచ్చునట్లు తీయించినచో ఆ భూమి ధర చిత్రములోనే పెరుగును. నక్షా విప్పి చూపిన పట్వారీ స్థానమును ఈ వీడియో ఆక్రమించినదని నా అభిప్రాయము. చూచుట అందఱికిని వచ్చినది, చదువుట ఇంకను కొందఱికే.

ఇక బ్యాటరీ స్వభావము. నిండిన లిథియం ఘటమున 4.2 వోల్టులుండును, ఎగిరిన కొలది నిమిషములకే అది కొంత దిగి, 3.8 కి అటునిటుగా చాలసేపు నిలుకడగా నడచును, 3.5 దాటి క్రిందికి దిగినపిమ్మట మెట్లపైనుండి జాఱినట్లు జాఱును. తెరపై కానవచ్చు శాతము కొలిచి చెప్పిన సత్యము కాదు, లోపలి చిన్నబుఱ్ఱ వోల్టును, పోయిన విద్యుత్తును చూచి వేసిన అంచనా. ఘటము పాతబడినకొద్ది లోపలి నిరోధము పెరుగును. అప్పుడు ఎదురుగాలిలో మోటార్లు గట్టిగా లాగినచో వోల్టు ఒక్కసారిగా క్రుంగును, శాతము దానివెంట క్రుంగును. చలియందును ఇదియే కథ: అనంతగిరి గుట్టలలో పుష్యమాసపు వేకువను ఎగురవేసినప్పుడు లోపలి అయానులు బద్ధకించుటచే నిండు బ్యాటరీయు అరిగినదానివలె నడచును, అందుచేత ఎఱిగినవారు బ్యాటరీలను చొక్కాజేబులో వెచ్చగా నుంచుకొని, లేచిన మొదటి నిమిషము మనిషియెత్తున ఊరక నిలిపి, వేడెక్కిన పిమ్మటగాని పైకి పంపరు. ఎండయందు కీడు వేఱు విధము. వైశాఖమున మా బండలు పెనములు. ఎగిరి దిగిన బ్యాటరీని తాకినచో చేయి చుఱుక్కుమనును, ఆ వేడిమీదనే ఛార్జింగు పెట్టుటకు యంత్రమే యొప్పుకొనదు, ఒప్పుకొన్నను పెట్టరాదు, నీడను ఆరబెట్టవలెను. నిండుగా ఛార్జి చేసి వారములతరబడి ఉంచుట, ఎండలో కారులో మఱచుట, రెండును దానిని ముసలిదానిని చేయును. కొన్ని బ్యాటరీలు పని లేక కొన్నిదినములు గడచినచో తమంతట తామే కొంత విద్యుత్తును వదలుకొని సుమారు అఱువది శాతము వద్ద విశ్రమించును. కడుపు నిండా తిని నిద్రించుట ఆరోగ్యము కాదని వానికి తెలిసినంత మనకు తెలియదు.

మా వీధిలో పెండ్లిండ్లకు డ్రోను తిప్పు కుఱ్ఱవాడొకడు గలడు. గాలిశాస్త్రము చదివినవాడు కాడు గాని అతడు నాకు మొదటి దినముననే చెప్పిన సూత్రమిది: "ముప్పై కనవడ్డదంటే దించుడే సార్. పెండ్లికొడుకు ఆగుతడు, బ్యాటరీ ఆగదు." నేను వినలేదు. ఒక యేప్రిలు సాయంకాలము, అంతకుముందు వేసవిలో నిండుగా ఛార్జిచేసి కారుడిక్కీలో పదిదినములు మఱచిన బ్యాటరీతో, గాలివాటున నెక్నాంపూరు చెఱువువైపు పంపితిని. పోవుట సుఖముగా పోయినది. నీటిపై పొద్దు పగడమువలె పఱచుకొనియుండగా ఇంకొక్క నిమిషము, ఇంకొక్క నిమిషమని నిలిపితిని. మరలించునప్పటికి తెరపై 31. ఎదురుగాలి. సగము దూరము రాకమునుపే 31 కాస్త 19 అయినది, 19 చూచి నేను నోరు తెఱచునంతలో 11. రిమోటు కీచుమని అఱచుచుండెను. యంత్రము నా మాట వినుట మాని తనంతట తాను దిగనారంభించెను. చెఱువు దాటినది, తుమ్మచెట్లు దాటినది, చదునైన బండ యొకటి కనబడగా దానిపైకి నెట్టితిని. కూలబడినది. గుట్ట యెక్కి పోయి చూడగా ఒక ఱెక్క కొస విఱిగినది, అంతే. కాని బ్యాటరీ పూరీవలె పొంగి, గూటిలోనుండి ఊడదీయుట గగనమైనది. పొంగిన బ్యాటరీని చెత్తకుండీలో వేయరాదు, గ్రుచ్చరాదు, ఛార్జి చేయరాదు, నిప్పు రేగును. ఈ-వ్యర్థములు తీసికొను చోటికి చేర్చువఱకు దానిని ఇసుక నింపిన పాత మట్టికుండలో పెట్టి మిద్దెమీద నుంచితిని. ఘటమునందు ఘటము!

ఈ గడియసేపు ఆకాశముతో నేను చూడ మొదలిడినప్పటికే పల్లె పరుగెత్తుచుండెను. 1998 లో మాదాపురమున సైబర్ టవర్సు, 2008 లో గచ్చిబౌలినుండి శంషాబాదువఱకు ఓఆర్ఆర్ తొలిభాగము, అదే యేడు శంషాబాదు విమానాశ్రయము వచ్చుటతో, నడుమనున్న మా గూడలన్నియు ఒక్క దశాబ్దిలో ఊళ్లు కాకుండపోయినవి. బండలను కాపాడుటకు 1996 నుండి పాటుపడుచున్న సంఘమొకటి నగరమున గలదు; ఖాజాగూడ గుట్టలవంటివి కొన్ని మిగిలినవి, తక్కినవి కంకరయై మేడల పునాదులలోనికే పోయినవి. 2023 ఆగస్టులో కోకాపేట వేలమున ఎకరము 100 కోట్ల రూపాయలు దాటినది. అనగా గొలుసు చదరపు గుంట రెండున్నర కోట్లు. గొలుసు పట్టి ముండ్లలో నడచినవారి కూలి యెంతయుండెనో గదా!

నేడు వరిమడిని పైనుండి చూడగోరినవాడు బ్యాటరీలు మూడు సంచిలో వేసికొని పడమటికి పోవలెను. గండిపేట, హిమాయత్‌సాగరముల కాపుదలకై 1996 లో వచ్చిన 111వ జీవో 84 గ్రామములలో కట్టడములను చిరకాలము అదుపుచేసియుండుటచే, ఆవల మొయినాబాదు వైపున ఇంకను పచ్చదనము మిగిలియున్నది. చేవెళ్ల బాటకు ఇరుప్రక్కల నున్న వందలకొలది మఱ్ఱిచెట్లను ఇరువది మీటర్ల యెత్తునుండి చూచినచో, బాట కానరాదు. పచ్చని సొరంగ మొకటి కదలుచున్నట్లుండి, ఆకుల సందులలో లారీ కప్పు తళుక్కుమని మాయమగును. అక్కడ ఒక బ్యాటరీ చాలదు. ఆవల వికారాబాదులో 2021 సెప్టెంబరున డ్రోనులచే మందులు పంపు ప్రయోగము జరిగినది; కెమెరా మోసిన యంత్రము టీకాలు మోసినది. మా పూర్వులు దూరమును కూతవేటులో చెప్పిరి. నేను ఇంటనుండి వరిమడికి గల దూరమును కారులో గంట, గాలిలో రెండు బ్యాటరీలని చెప్పుచున్నాను.

మా యూరిలో ఇక మిగిలిన వింత యొకటి. విమానాశ్రయపు ప్రహరీనుండి 8 మొదలు 12 కిలోమీటర్ల వలయమున అనుమతిలేక 200 అడుగులు మించి డ్రోను ఎగురరాదు. బేగంపేటకును మాకును గగనమార్గము పదికిలోమీటర్లకు అటునిటుగా నుండుటచేతను, గోలకొండవైపు సైన్యపు స్థావరము లుండుటచేతను, ముందు పటములో రంగు చూచుకొనక నేను సంచి విప్పను, 200 అడుగులు దాటింపను. మేడలకా నియమము లేదు. నలువది, ఏబది అంతస్థులు లేచుచున్నవి.

మొన్నటి ఆదివారము వేకువను మిగిలిన బండపై నిలిచి, కెమెరాను మేడలవైపు గాక చెఱువువైపు త్రిప్పి, 200 అడుగులకు పంపితిని. తలయెత్తి చూడగా యంత్రము ఎదుటి మేడకు ఇరువదవ అంతస్థు సమముగా చీమంత చుక్కయై నిలిచియున్నది. దానికి చాల పైన, ఏ ముప్పదవ అంతస్థుననో, వసారా కమ్మీలకు ఆనుకొని పసివాడొకడు నిలుచున్నాడు. క్రిందికి వంగి నా డ్రోనును చూచుచున్నాడు, గుట్టపైనుండి పక్షి వీపును చూచినట్లు. తెరపై 34 కనబడినది. దించితిని. వాడింకను వంగి, అది పోయిన చోటు చూచుచునే యుండెను.